ఊ

వంటింటి బల్ల మీద
టంకం పొగ, చల్లారిన టీ,
అగ్గిపెట్టెంత బోర్డులు ఆరు.
ఒక్కోదానికీ ఒక తీగ తోక కత్తిరించాను.
పదిహేడు సెంటీమీటర్లు,
జానెడుకి కాస్త తక్కువ.
ఆ కాస్తలో తేడా వస్తే
గోడ దాటదు మాట.

హాలిఫాక్స్‌లో గోడలంటే మాటలా?
నూట ముప్పై ఏళ్ళనాటి ఇసుకరాయి,
మిల్లుల మసి తాగి నల్లబడ్డది,
మూరెడు మందం.
వైఫై మెట్ల దగ్గరే చతికిలబడుతుంది.
ఈ చవక రేడియోలే నయం,
నెమ్మదిగా, తక్కువ మాటల్లో,
రాయిని బతిమాలుకుని వెళ్తాయి.

పగలంతా లిఫ్టులు బాగుచేస్తాను.
లోపల ఇరుక్కున్న మనిషితో
తలుపు ఇవతల నుంచి మాట్లాడుతూనే ఉండాలి,
ఉన్నాను, వింటున్నాను అని. అది రూలు.
రాత్రి ఇంటికొచ్చి ఇదిగో, వీటితో.

వీటి బతుకు సులువు.
ఎనిమిది నిమిషాలు నిద్ర,
లిప్తపాటు మెలకువ,
ఒక్క అంకె చెప్పడం, మళ్ళీ నిద్ర.
స్నానాలగది నోడు తేమ చెబుతుంది,
అటక మీది నోడు చలి చెబుతుంది,
మెట్ల కింద పెద్దది అన్నీ విని
ఒక్కోదానికీ ఊ కొడుతుంది.
ఊ రాకపోతే అది మళ్ళీ చెబుతుంది,
మళ్ళీ చెబుతుంది,
కథ మధ్యలో నేను కునికితే
మా కనకం అత్త ఆగి
"ఏదీ, ఊ అనవేం?" అన్నట్టు.

వినడం మొదలెడితే వీధంతా వాగుడే.
పోయే కారు టైరు తన గాలి లెక్క చెప్పుకుంటూ పోతుంది.
ఎవరిదో కాలింగ్ బెల్లు. ఎవరిదో గ్యారేజీ.
అక్టోబరులో ఒక కొత్త గొంతు.
కోడు తొమ్మిది, ఛానెల్ రెండు,
పద్దెనిమిదిన్నర డిగ్రీలు.
దానికి ఊ కొట్టేవాళ్ళు లేరు,
చెప్పిందే ముమ్మారు చెప్పి ఊరుకుంటుంది.
గోడ అవతల డొరీన్ ఆక్రాయిడ్ గారి
బజారు థర్మామీటరు.

దాన్ని విని పారేసే లైనొకటి రాశాను.
తర్వాత తీసేశాను. ఎందుకో చెప్పలేను.
ఆరింటికి పదిహేడు, ఏడింటికి ఇరవై,
ఆదివారం ఓవెన్ వెలిగితే ఇరవై రెండు.
చెత్తబుట్టల రోజున తప్ప
మేం మాట్లాడుకున్నది లేదు.

జనవరి. పదిహేడు కాలేదు.
పదకొండు.
మర్నాడు తొమ్మిది. ఆ మర్నాడు ఏడు.
వీధంతా మంచు, ఆవిడ కిటికీ తెర తీయలేదు.
పనిముట్ల సంచి భుజానే ఉంది,
తలుపు కొట్టాను,
మళ్ళీ కొట్టాను,
ముమ్మారు.

కార్డిగన్ గుండీలు పెట్టుకుంటూ,
చెవిలో పెన్సిలుతో వచ్చింది.
వెచ్చటి గాలి, మాడిన టోస్టు వాసన.
థర్మామీటరు సెల్లార్‌లో పెట్టిందట,
పైపులు గడ్డకడతాయేమోనని.
"అయినా నీకెలా తెలుసు, అమ్మాయ్?"

దొంగ దొరికినట్టే.
జానెడు తీగ, మెట్ల కింద పెట్టె,
మూడు నెలలుగా మీ పొద్దుటి అంకెలు...
తడబడుతూ అన్నీ చెప్పాను.
ఆవిడ ఏమీ అనలేదు.
తలుపు మెల్లగా వేసింది.

ఆ రాత్రి పారేసే లైను మళ్ళీ రాశాను.
బోర్డులోకి ఎక్కించబోతుంటే
ఏడు.
తొమ్మిది.
పద్నాలుగు.
ఇరవై ఒకటి.
సెల్లార్ అంత వేడెక్కదు. వంటిల్లూ కాదు.
ఇరవై ఎనిమిది, ముప్పై,
ముప్పై ఒకటి దగ్గర ఆగింది.
అరచెయ్యి.
గోడ అవతల ఒక ముసలి అరచెయ్యి
దాన్ని మూసి పట్టుకుని కూచుంది.

ఆవిడకి వినిపించే రేడియో నా దగ్గర లేదు.
వాకిలి దీపం నాలుగో నోడు.
ఒక్కసారి వెలిగించి ఆర్పాను.

ముప్పై ఒకటి.

మళ్ళీ వెలిగించాను.

ముప్పై ఒకటి, బ్యాటరీ తక్కువ.
రేపు పని నుంచి వస్తూ
రెండు సన్నవి కొనాలి.